సిక్లిడ్ చేపలున్న అక్వేరియంలో పచ్చని మొక్కలు నిలుస్తాయా?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం. పూల సాగుతో పాటు ఇంటి వెనుక సిమెంటు తొట్టెల్లో రంగు చేపలు పెంచి నగరంలోని దుకాణాలకు ఇస్తున్నాను. ఇంట్లో నాలుగడుగుల అక్వేరియంలో మలావీ సరస్సుకు చెందిన సిక్లిడ్ కుటుంబపు చేపలు (ఎల్లో ల్యాబ్, డెమాసోని రకాలు), మరో తొట్టిలో అదే కుటుంబపు సెవెరమ్ చేపల జత ఉన్నాయి. కబోంబా, రోటాలా, అమెజాన్ స్వోర్డ్ అనే నీటి మొక్కలు తెచ్చి రెండింటిలోనూ నాటాను. వారం తిరిగేసరికి కాడలు మాత్రమే మిగిలాయి. సిక్లిడ్లు ఉంటే ప్లాస్టిక్ మొక్కలే గతి అని దుకాణాల వాళ్లు అంటున్నారు. కానీ కొనేవాళ్లు నిజమైన మొక్కలతో అమర్చిన తొట్టి కావాలని అడుగుతున్నారు. ఏ మొక్కలు వేయాలి? కొంచెం యూరియా వేస్తే మొక్కలు త్వరగా కోలుకుంటాయా? సెవెరమ్ తొట్టిలో మనీ ప్లాంట్ వేర్లు వదలవచ్చా?
– ఒక రైతు, ఆనందపురం

సమాధానం: ముందుగా యూరియా సంగతి. ఒక్క పలుకు కూడా వేయవద్దు. చెరువుల్లో ప్లవకాలు పెరగడానికి యూరియా చల్లడం మన రైతులకు అలవాటే కాబట్టి మీకు ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. ఎకరం చెరువుకు పనికొచ్చే పద్ధతి రెండు వందల లీటర్ల గాజు తొట్టికి పనికిరాదు. యూరియా నీటిలో విడిపోయి అమ్మోనియాగా మారుతుంది. అందులో చేప మొప్పలను దెబ్బతీసే విషరూపం ఎంత ఉంటుందన్నది నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకెను) బట్టి ఉంటుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్న నీటిలో ఆ భాగం ఒక శాతం లోపే. పీహెచ్ 8.5కు చేరితే అదే సుమారు 15 శాతం అవుతుంది. మలావీ చేపలకు మనం ఉంచేది సరిగ్గా ఆ ఎక్కువ పీహెచ్ నీరే. డీఏపీ, అమ్మోనియం సల్ఫేట్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. చేపల వ్యర్థాల నుంచి మొక్కలకు కావలసినంత నత్రజని ఎలాగూ అందుతుంది. తక్కువయ్యేవి పొటాషియం, ఇనుము లాంటి పోషకాలు. అవసరమైతే అక్వేరియం మొక్కల కోసం తయారుచేసిన ద్రవ ఎరువునే, అదీ డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి వాడండి.

ఇక మొక్కల మాట. మొక్క పోయిన ప్రతిసారీ చేపే తిన్నదని అనుకోవడానికి లేదు. ఒక సాయంత్రం లైటు వేసి తొట్టి ముందు అరగంట కూర్చుని ఆకులను దగ్గరగా చూడండి. ఆకు అంచు అర్ధచంద్రాకారంగా తెగి ఉంటే అది సెవెరమ్ లాంటి పెద్ద నోటి చేప కొరికిన గుర్తు. ఆకు చిరగకుండా పైపొర మాత్రం గీరుకుపోయి వెలుతురు కనిపిస్తుంటే, మలావీ చేప దాని మీది పాచిని గీరింది. మొక్క వేర్లతో సహా చెక్కుచెదరకుండా పైకి తేలి ఉంటే అది తిండి కోసం చేసిన పని కాదు, ఇసుక తవ్వడం వల్ల ఊడింది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ చేపలు పెంచేవారు ఎక్కువగా చూసేది ఇదే. ముదురు ఆకుల్లో గుండుసూది గుచ్చినట్టు చిల్లులు పడి వాటి చుట్టూ పసుపు రంగు వస్తే పొటాషియం లోపం. ఆకు గాజులా మారి కరిగిపోతే కారణం మరొకటి. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ లాంటివి నర్సరీల్లో చాలావరకు నీటి పైన పెరుగుతాయి. నీటిలో ముంచగానే ఆ పాత ఆకులు కుళ్లి, నీటికి తగిన కొత్త ఆకులు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా చేప ముట్టకపోయినా మొక్క చచ్చినట్టే కనిపిస్తుంది. మీరు రాసిన తీరు చూస్తే మీ తొట్టెల్లో జరిగింది మాత్రం మేతే.

అందులో చేపల తప్పేమీ లేదు. తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సులో డెమాసోని వంటివి రాళ్ల మీద పరచుకున్న పాచిని, అందులోని సూక్ష్మజీవులను గీరి తింటూ బతుకుతాయి. వాటి నోటిలో రెండు మొనలు, మూడు మొనలు ఉన్న పళ్లు వరుసలుగా ఉంటాయి. పేగు శరీరం కంటే చాలా పొడవు. రోజంతా కొద్దికొద్దిగా మేస్తూ ఉండటానికి తయారైన శరీరం అది. మీ ఎల్లో ల్యాబ్ అంత శాకాహారి కాదు. పురుగులూ తింటుంది, మొక్కల జోలికి తక్కువగా వెళ్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సెవెరమ్ మాత్రం లేత ఆకును వదలదు. ఈ స్వభావం విదేశీ చేపలకే పరిమితం కాదు. మన దేశంలో సహజంగా ఉన్న సిక్లిడ్లు మూడు. వాటిలో పెద్దది, కేరళవారు కరిమీన్ అని పిలిచి ఇష్టంగా తినే చేప, మన పులికాట్ సరస్సులోనూ ఉంది. నూలుపోగుల్లాంటి పాచి, నీటి మొక్కలు దాని ఆహారంలో పెద్ద భాగం.

అందుకే నేను మీకు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒకటే. ఈ చేపల ఆకలిని అడ్డుకోవాలని చూడకండి, దానికి వేరే దారి చూపండి. మల్లెతోటలో మేకను వదిలి మొగ్గ ముట్టవద్దంటే వింటుందా? దానికి మేత వేరే చోట వేయాలి, తోటలో అది తినలేనివి నాటాలి. రెండూ కలిపి చేస్తేనే ఫలితం. మీరు మొదటిది చేయకుండా, రెండోదానికి సరిగ్గా తినదగ్గ మొక్కలను ఎంచుకున్నారు. కబోంబా, రోటాలా కంటే లేత మేత వాటికి దొరకదు.

మేత గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చేపల ఆరోగ్యమూ ఇందులోనే ఉంది. మలావీ చేపలకు స్పైరులినా (ఒక రకం నీటి పాచి) కలిసిన గుళికలు ప్రధాన ఆహారంగా ఇవ్వండి. ఒకేసారి గుప్పెడు వేయకుండా రోజుకు రెండు మూడు సార్లు, రెండు నిమిషాల్లో తినేంత చాలు. కోడిమాంసం, పశువుల గుండె, ట్యూబిఫెక్స్ పురుగులు వీటికి వద్దు. త్వరగా పెరుగుతాయని కొందరు వేస్తారు. పాచి తినే పొడవాటి పేగుకు ఆ కొవ్వు, మాంసకృత్తులు సరిపడవు. పొట్ట ఉబ్బి, మేత మాని, తెల్లటి దారం లాంటి విసర్జనతో చేప మూలన చేరిందంటే మలావీ బ్లోట్ అనే జబ్బు పట్టిందని అర్థం. ఒకసారి ముదిరితే కాపాడటం కష్టం. వారానికి మూడు నాలుగు రోజులు ఆకుకూర పెట్టండి. పాలకూరను నిమిషం పాటు వేడినీటిలో ముంచి తీసి చల్లార్చి, చిన్న రాయికి కట్టి అడుగున ఉంచండి. కీరా ముక్క, తొక్క తీసి ఉడికించిన పచ్చి బఠాణీ సెవెరమ్‌కు చాలా ఇష్టం. మిగిలినదాన్ని రెండు మూడు గంటల్లో తీసేయాలి, లేకపోతే నీరు చెడుతుంది. బజారు ఆకుకూరలో పురుగుమందు అవశేషాలు ఉండవచ్చు, మీ పెరట్లో మందు కొట్టకుండా పెంచిన మడి ఉంటే అదే మేలు. పశువులకు అజొల్లా పెంచుతుంటే అందులో గుప్పెడు కడిగి సెవెరమ్ తొట్టిలో వేసి చూడండి.

రైతుగా మీకు మరో వెసులుబాటు ఉంది, నగరంలో ఫ్లాట్లలో చేపలు పెంచేవారికి అది లేదు. ఒక సిమెంటు తొట్టిని మేత మడిగా మార్చండి. అందులో హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ అనే నీటి మొక్కలు వేస్తే మన ఎండకు అవే అల్లుకుపోతాయి. వారానికోసారి గుత్తి కోసి అక్వేరియంలో వదలండి. అదే తొట్టి గట్టున, ఎండ బాగా పడే చోట, అరచేతి వెడల్పున్న బల్లపరుపు రాళ్లు పదిహేను దాకా నీటిలో ముంచి ఉంచండి. రెండు మూడు వారాల్లో వాటి మీద ఆకుపచ్చని పాచి మెత్తగా పరచుకుంటుంది. నాలుగైదు రాళ్లు తీసి మలావీ తొట్టిలో పెట్టి, అక్కడి బోడి రాళ్లను తెచ్చి ఎండలో ముంచండి. ఇలా మారుస్తూ ఉండండి. ఆ రాయి దిగగానే డెమాసోనిలు దాని చుట్టూ మూగి, తల వంచి, ఒక్కో అంగుళం గీరుకుంటూ పోవడం చూస్తే వాటికి ఏది కావాలో ఎవరూ చెప్పనక్కరలేదు. మొక్కలకు అంతకంటే మంచి కాపలా నాకు తెలియదు.

రాళ్ల ఎంపికలో ఒక జాగ్రత్త. మన చుట్టుపక్కల కొండల్లో దొరికే ఖొండలైట్ అనే రాయి వాతావరణానికి మెత్తబడి పొడి రాలుతుంది. గట్టి గ్రానైట్ ముక్కలు తీసుకోండి. మలావీ తొట్టిలో కొన్ని సున్నపురాళ్లు ఉన్నా మంచిదే, సెవెరమ్ తొట్టిలో మాత్రం వద్దు. సముద్రపు ఒడ్డు ఇసుక ఎందులోనూ వేయకండి, ఉప్పు, గవ్వల పొడి కలిసి ఉంటాయి. కడిగిన నది ఇసుక చాలు.

ఇప్పుడు నాటవలసినవి. రెండు తొట్టెలకూ మొదటి ఎంపిక అనూబియాస్. పశ్చిమ ఆఫ్రికా మొక్క ఇది. ఆకు తోలులా దళసరిగా, నోటికి రుచించని విధంగా ఉంటుంది. రెండోది జావా ఫెర్న్. ఈ రెండింటిలోనూ అందరూ చేసే పొరపాటు ఇసుకలో పాతిపెట్టడం. వీటికి అడ్డంగా పాకే దుంప లాంటి కాండం ఉంటుంది. అది ఇసుకలో కూరుకుపోతే నెలలోపే మెత్తబడి కుళ్లుతుంది. గ్రానైట్ రాయి మీద గాని, నానబెట్టిన కొయ్య మీద గాని ఆ కాండాన్ని ఆనించి, నూలు దారంతో రెండు మూడు చుట్లు కట్టండి. బిగించి కోసేలా కట్టవద్దు, కదలకుండా ఉంటే చాలు. దారం బదులు సూపర్ గ్లూ చుక్క కూడా పనిచేస్తుంది, గట్టిపడ్డాక చేపకు హాని లేదు. వేర్లు రాయిని పట్టుకోవడానికి రెండు నెలలు పట్టవచ్చు. కట్టిన మొక్కను రాయితో సహా ఎటైనా జరపవచ్చు, చేప తవ్వినా ఊడదు. జావా ఫెర్న్ ముదురు ఆకుల అడుగున నల్లటి చుక్కలు, ఆ ఆకుల మీదే బుల్లి మొలకలు వస్తాయి. జబ్బు అనుకుని ఆ ఆకులు తుంచేయకండి, అవే మీ రేపటి నారు. రెండు మొక్కలూ నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి ఎక్కువ వెలుతురు పడితే ఆకుల మీద పాచి పట్టి, చేపలు దానికోసం ఆకును గీరుతాయి. రాళ్ల నీడలో పెట్టి, లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు మించకుండా చూడండి.

వెనుక వరుసకు వాలిస్నేరియా. మలావీ సరస్సులోనూ పెరిగే మొక్క ఇది, లవణాలు ఎక్కువున్న గట్టి నీటిని బాగా తట్టుకుంటుంది. చేపలు కొంత కొరుకుతాయి. అందువల్ల నాలుగు మొక్కలు నాటి ఎదురుచూస్తే మిగలదు. ముందు వేరే తొట్టిలో ఒత్తుగా పెంచి, ముప్పై నలభై మొక్కలు ఒకేసారి దించి, మొదళ్ల చుట్టూ గులకరాళ్లు పేర్చండి. పిలకలు వేయడం చేపల నోటికంటే ముందుండాలి. తొట్టి ఎత్తుగా ఉంటే క్రైనమ్ కూడా మంచిది. దుంపలోనూ ఆకులోనూ ఆల్కలాయిడ్లు అనే చేదు పదార్థాలు ఉండటం వల్ల సాధారణంగా చేపలు ముట్టవు. దుంపను సగం మాత్రమే ఇసుకలో ఉంచాలి. అమెజాన్ స్వోర్డ్, కబోంబాలను ఈ తొట్టెల్లో మరచిపోండి.

నీటి విషయం. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, ఒక రోజు గాలి పంపుతో నిల్వ ఉంచాలి లేదా క్లోరిన్ విరుగుడు వేయాలి. బోరు నీరు వాడితే ఉప్పు శాతం పరీక్షించుకోండి, తీరానికి దగ్గరైన కొద్దీ ఈ చిక్కు ఎక్కువ. మలావీ చేపలకు పీహెచ్ 7.8 నుంచి 8.5 వరకు, సెవెరమ్‌కు 7కు అటూ ఇటూ ఉంటే మేలు. ఈ రెండింటినీ ఒకే తొట్టిలో కలపకుండా మంచి పని చేశారు. వారానికి నాలుగో వంతు నీరు మార్చండి. ఏప్రిల్, మే నెలల్లో నీరు 30 డిగ్రీలు దాటితే జావా ఫెర్న్ కుంగిపోతుంది. తొట్టి మీద ఫ్యాన్ గాలి కొంత వేడి తగ్గిస్తుంది గాని, విశాఖ ఉక్కపోతలో నీరు ఆవిరయ్యేది తక్కువ కాబట్టి దాన్నే నమ్ముకోలేం. కిటికీ ఎండ తగలని గదిలో ఉంచండి.

చెరువులు, కాలువల నుంచి మొక్కలు తెచ్చుకుంటే నేరుగా వేయకండి. వరి చేల పక్క కాలువలోనివైతే పురుగుమందు చేరి ఉంటుంది, అవి అసలే వద్దు. మిగతావాటిని లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల పొటాషియం పర్మాంగనేట్ ద్రావణంలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి, రెండు మూడు వారాలు చేపలు లేని తొట్టిలో ఉంచండి. జలగలు, తూనీగ పిల్లపురుగులు, నత్త గుడ్లు అక్కడే బయటపడతాయి. నత్తలు కనిపించాయని మైలుతుత్తం వేయవద్దు, మొక్కలూ చేపలూ రెండూ దెబ్బతింటాయి. ఎక్కువైన మొక్కలను, పెద్దవైన చేపలను గెడ్డల్లోనూ చెరువుల్లోనూ వదలవద్దు. అక్వేరియాల నుంచి వెళ్లిన సక్కర్ చేప మన రాష్ట్రంలో చేపల రైతులను ఎంత ఇబ్బంది పెడుతోందో మీకు తెలిసే ఉంటుంది.

మీ కొనుగోలుదారుల గురించి. ఎవరైనా కింద పచ్చిక, పైదాకా తీగలు ఉన్న తొట్టి కావాలంటే వారికి మలావీ చేపలు అంటగట్టకండి. ఏంజెల్ ఫిష్ కూడా సిక్లిడే, రామ్ అనే చిన్న చేప కూడా సిక్లిడే. అవి మొక్కల మధ్యే సుఖంగా ఉంటాయి. మలావీ రంగులే కావాలనేవారికి రాళ్ల గుట్ట, దాని మీద పట్టిన అనూబియాస్, జావా ఫెర్న్ చూపండి. రాయికి వేళ్లూనిన మొక్కను రాయితోనే అమ్మితే దుకాణంలో విడి మొక్క కంటే మంచి ధర అడగవచ్చు, కొన్నవారి ఇంట్లో అది బతుకుతుంది కూడా. మీ సిమెంటు తొట్టెల్లో నీడ వల కింద ఇప్పుడే కొన్ని కట్టడం మొదలుపెట్టండి.

చివరిగా మనీ ప్లాంట్. వేర్లు చేపల వ్యర్థాల వల్ల నీటిలో చేరే నైట్రేట్‌ను బాగా పీల్చుకుంటాయి, ఆకులు పైన గాలిలో ఉంటాయి కాబట్టి అది మంచి ఆలోచనే. కాకపోతే ఆ మొక్క ఆకుల్లో, కాడల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, సెవెరమ్ కొరికే రకం. తొట్టి వెనుక మూలన సన్నని ప్లాస్టిక్ జాలీతో చిన్న బుట్ట బిగించి, వేర్లు అందులోనే ఉండేలా కొమ్మను అమర్చండి. కాడ నీటిలో మునగకూడదు. వేర్లు జాలీ దాటి బయటికి వస్తే కత్తిరించండి, పండి రాలిన ఆకు నీటిలో పడితే వెంటనే తీసేయండి.