ఒంగోలు నుంచి నెల్లూరు పోయొచ్చే ముందు పాలసీ కాగితం తీసి చూడండి

ప్రశ్న: మాది ఒంగోలు. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 32 వేలు చేతికొస్తాయి. వచ్చే ఆదివారం కారులో నెల్లూరులోని చెల్లెలింటికి వెళ్లి, జొన్నవాడ కామాక్షమ్మ దర్శనం చేసుకుని, అదే రాత్రికి తిరిగొద్దామనుకుంటున్నాం. అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, తమ్ముడు. కారు 2016 మోడల్, 1,197 సీసీ పెట్రోలు, ఐదు సీట్లది. మొత్తం ఎనిమిది వేలు ఖర్చవుతుందని లెక్కేశాను. ఖాతాలో తొమ్మిది వేలున్నాయి గానీ అవి అవసరానికి దాచినవి. లోన్ యాప్‌లో పది వేలు అడిగితే ఖర్చులు పట్టుకుని 8,500 ఇస్తామన్నారు, పదిహేను రోజులకు జీతం రాగానే పది వేలూ కట్టేస్తాను. కారు ఇన్సూరెన్స్ గడువు దాటి 70 రోజులైంది. నాలుగేళ్లుగా క్లెయిమ్ చేయలేదు. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే 4,031, ఫుల్ అయితే 6,627 అని ఏజెంటు చెప్పారు. వచ్చే నెల థర్డ్ పార్టీ కడదామనుకుంటున్నాను. ట్రిప్పు ఖర్చుకు లోన్ యాప్ మంచిదా, క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీయడం మంచిదా?

జవాబు: రెండూ వద్దు. మీరు అడిగింది ఎనిమిది వేల గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం చివర్లో మామూలుగా రాసేసిన ఆ 70 రోజుల మాట. ఇన్సూరెన్స్ లేని కారులో, ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించుకుని, చెన్నై–కోల్‌కతా హైవే మీద రానుపోను 250 కిలోమీటర్లు వెళ్లాలనుకుంటున్నారు. దానికి అప్పు కూడా చేయబోతున్నారు. ఈ వరుస తలకిందులైంది. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రయాణం ఖర్చు. ఒంగోలు నుంచి నెల్లూరు సుమారు 125 కిలోమీటర్లు. జొన్నవాడ, ఊళ్లో తిరుగుడు కలుపుకుంటే రోజు మొత్తానికి 280 వేసుకోండి. ఏసీ వేసుకుని నిండుగా ఎక్కిన పాత కారు లీటరుకు 15 ఇస్తుందనుకుంటే 19 లీటర్లు చాలు. లీటరు 110 చొప్పున రెండు వేల చిల్లర. టోల్‌గేట్లు రెండు, టంగుటూరు ఒకటి, కావలి దగ్గర ముసునూరు ఒకటి. 24 గంటల్లోపు తిరిగొస్తే రానుపోను కలిపి ఒకవైపు రేటుకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. ఫాస్టాగ్ పనిచేస్తుంటే ఆ లెక్క దానంతటదే సరిపోతుంది. టోళ్లకు ఐదొందలు పక్కన పెట్టుకోండి. ఫాస్టాగ్ రీచార్జి గేటు ముందు కాకుండా ముందురోజు సాయంత్రమే చేయండి, బ్యాలెన్సు అప్‌డేట్ అయ్యేలోపే లైన్లో ఇరుక్కునేవాళ్లు ఎక్కువ. ట్యాగు పనిచేయకపోతే 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే 1.25 రెట్లు పడుతుంది.

అంటే బండి కదలడానికి అయ్యేది 2,600 లోపే. మిగతా ఐదు వేల పైచిలుకు ఎక్కడ పెడుతున్నారు? ఏడుగురికి హోటల్లో చేపల పులుసు భోజనాలు, వచ్చేటప్పుడు మలై ఖాజా డబ్బాలు, చెల్లెలికి చీర. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ ఏ ఒక్కదానికీ అప్పు అక్కర్లేదు. వెళ్లేది చెల్లెలింటికి, భోజనం అక్కడే చేయొచ్చు. దారికి పులిహోర, పెరుగన్నం కట్టుకుపోతే సగం ఖర్చు తగ్గుతుంది.

ఇక మీ ఏజెంటు చెప్పిన రెండు అంకెలు. 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416, దాని మీద 18 శాతం జీఎస్టీతో 4,031. రెండో కొటేషన్‌లో పైన కలిసిన 2,596 మీ కారు డ్యామేజీ కవరుకు. జీఎస్టీ తీసేస్తే 2,200. అది, క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే 45 శాతం నో క్లెయిమ్ బోనస్ తగ్గించాక మిగిలింది, అసలు 4,000. పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే ఆ బోనస్ మొత్తం పోతుంది. మీకింకా 20 రోజులే ఉన్నాయి. ఇరవై ఒకటో రోజున ఇదే పాలసీకి 8,751 కట్టాలి. ‘వచ్చే నెల చూద్దాం’ అన్న మాటకు మీరిచ్చే ధర 2,124 రూపాయలు.

అయితే అసలు ప్రమాదం బోనస్‌లో లేదు. పోలీసులు ఆపినప్పుడు చూపించడానికి ఏదో ఒక కాగితం ఉంటే చాలని థర్డ్ పార్టీతో సరిపెట్టుకునేవాళ్లు లక్షల మంది. వాళ్లలో ఎక్కువ మందికి తెలియని సంగతి ఇదీ. మీ కారు తగిలి దెబ్బతిన్న బయటివాళ్లకు, అంటే నడిచిపోయేవాళ్లకు, ఎదుటి బండిలో వాళ్లకు, ఆ పాలసీ పరిహారం ఇస్తుంది. ప్రాణనష్టానికి, గాయాలకు పరిమితి లేదు, ఆస్తినష్టానికి 7.5 లక్షల వరకు. మీ కారులో కూర్చున్న మీ అమ్మకు, నాన్నకు, భార్యకు, పిల్లలకు మాత్రం అందులో చోటు లేదు. డబ్బులివ్వకుండా ఎక్కినవాళ్లు చట్టం తప్పనిసరి చేసిన ఆ కనీస పాలసీ కిందికి రారని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే మీ ఏజెంటు చెప్పిన ‘ఫుల్’, ఉంటే కారులో ఉన్నవాళ్లకూ వర్తిస్తుందని 2012లో చెప్పింది. 4,031కీ 6,627కీ తేడా బంపరు గీతలకు, అద్దం పగుళ్లకు అనుకుంటున్నారు. ఆ తేడాలోనే వెనక సీట్లో కూర్చునేవాళ్ల రక్షణ ఉంది.

అందుకని పాలసీ పీడీఎఫ్ వచ్చిన వెంటనే తెరిచి మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. పైన పేరు ‘ప్యాకేజీ’ అని ఉందా, ‘లయబిలిటీ ఓన్లీ’ (థర్డ్ పార్టీ ఒక్కటే) అని ఉందా. గడువు ఏ తేదీ, ఏ గంట నుంచి మొదలవుతోంది. ప్రీమియం పట్టికలో పీఏ (పర్సనల్ యాక్సిడెంట్, వ్యక్తిగత ప్రమాద బీమా) అన్న వరుసలు ఎన్ని ఉన్నాయి. ఓనర్ డ్రైవర్ పీఏ 15 లక్షలది ఉండాలి. మీ పేరున వేరే చోట అలాంటి పాలసీ లేకపోతే అది తప్పనిసరి. అయినా మీ కొటేషన్‌లో ఆ వరుస లేదు, అడిగి చేర్పించండి. దాని కింద ‘అన్‌నేమ్డ్ పాసింజర్స్’ అని ఇంకో వరుస ఉంటుంది. ప్రయాణికుల్లో ఎవరికైనా ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా ఒక్కో సీటుకు 2 లక్షల వరకు వస్తుంది. ఏడాదికి సీటుకు వంద రూపాయల అటూఇటుగా అవుతుంది. ఏజెంట్లు దీన్ని తమంతట తాము చెప్పరు, కమీషను అంత తక్కువ. రెండు పీఏలూ కలిపినా ప్రీమియం ఎనిమిది వేలు దాటదు.

గడువు దాటిన పాలసీ కాబట్టి డ్యామేజీ కవరు ఇచ్చే ముందు కంపెనీ ఇన్‌స్పెక్షన్ అడుగుతుంది. ఫోన్‌కు లింకు వస్తుంది, దాంట్లో కారు చుట్టూ వీడియో, చాసిస్ నంబరు, ఓడోమీటరు, ముందు అద్దం ఫోటోలు తీసి పంపాలి. పగటి వెలుతురులోనే తీయండి. చాసిస్ నంబరు చెక్కిన చోట దుమ్ము తుడవకుండా తీస్తే ఫోటో వెనక్కొస్తుంది, ఒక రోజు పోతుంది. ఉన్న సొట్టలు దాచొద్దు, వాటిని పాతవిగా రాసుకుని మిగతా కారుకు కవరు ఇస్తారు. డబ్బు కట్టిన నిమిషం నుంచే పాలసీ మొదలైందనుకోవద్దు, కాగితం మీద ఉన్న తేదీ, గంటే లెక్క. అప్పటిదాకా తాళాలు మేకుకే ఉండనివ్వండి. ఒంగోలులో కూరగాయలకు వెళ్లినా సరే, ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌లో తగులుతుంది. ఎవరికైనా తగిలి పరిహారం పడితే కట్టాల్సింది ఆర్‌సీలో పేరున్న మీరే, ఆ సమయంలో స్టీరింగు తమ్ముడి చేతిలో ఉన్నా. ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది, మీ 32 వేల జీతం ఏళ్ల తరబడి దానికే పోతుంది.

తమ్ముడు నడిపేదుంటే అతని లైసెన్సు గడువు కూడా చూడండి. లైసెన్సు చెల్లకపోతే కంపెనీ బయటివాళ్లకు పరిహారం ఇచ్చి, ఆ డబ్బు మళ్లీ మీ దగ్గర వసూలు చేయొచ్చు.

ఏడుగురి సంగతి. ఐదు సీట్ల కారులో ఏడుగురు కుదరదు. చిన్నపిల్లలు ఒళ్లో కూర్చుంటారన్నది లెక్కలోకి రాదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు లేకపోతే వెయ్యి జరిమానా. జరిమానా చిన్నదే. క్లెయిమ్ దగ్గర ‘సీటింగ్ కెపాసిటీ ఐదు’ అన్న గడి చూపించి పేచీ పెడతారు, అది పెద్దది. ఇద్దరిని రైల్లో పంపండి. విజయవాడ నుంచి ఉదయం చెన్నై వైపు వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఆగుతుంది, సాయంత్రం అదే తిరిగి వస్తుంది. అమ్మానాన్నలకు కారు వెనక సీటు కన్నా రైలే సుఖం. తెలిసినవాళ్ల వైట్‌బోర్డు పెద్ద కారును రోజు కిరాయికి తీసుకుందామన్న ఆలోచన వస్తే మానుకోండి. సొంత వాడకానికి ఉన్న పాలసీ మీద కిరాయికి తిప్పితే క్లెయిమ్ ఇవ్వరు.

కారు పదేళ్ల నాటిది. టైరు పక్కగోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారం తయారైంది. గాడి లోతు ఉన్నా అంత పాత రబ్బరు వేడెక్కిన హైవే మీద నిండు బరువుతో పగులుతుంది. గాలి ఇంటి దగ్గర, టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు డోరు పక్క స్టిక్కరు మీద నిండు బరువుకు రాసిన లెక్క ప్రకారం పట్టించండి. స్టెపినీలో కూడా. ఉదయం ఆరుకు బయల్దేరితే ఎనిమిదిన్నరకల్లా నెల్లూరు చేరతారు. సాయంత్రం నాలుగుకు తిరుగుప్రయాణం పెట్టుకోండి. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద భయం ఎదురొచ్చే బండ్ల కన్నా, లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలతోనూ రాంగ్‌రూటులో వచ్చే బైకులతోనూ ఎక్కువ.

అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వెళ్తుంటే ఇంకో మాట. మన వైపు పెద్ద వానలు ఆ మూడు నెలల్లోనే. నెల్లూరులో మాగుంట లేఅవుట్ లాంటి చోట్ల రైల్వే అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఇంజన్ నీళ్లు పీల్చి లోపల రాడ్లు వంగుతాయి, మామూలు ఫుల్ పాలసీ కూడా దానికి డబ్బులివ్వదు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి, అది పాత కార్లకు చాలా కంపెనీలు ఇవ్వవు. తోసుకుంటూ బయటికి తెచ్చి టోయింగుకు ఫోన్ చేయండి. హైవే మీద ఏం జరిగినా 1033, అంబులెన్సుకు 108. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు మొదటి ఏడు రోజుల్లో 1.5 లక్షల దాకా నగదు లేకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. ఆ సంగతి ఆస్పత్రిలో అడగండి. ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ లేకపోతే, కారు తర్వాత చూడాల్సింది అదే.

ఇప్పుడు మీ తొమ్మిది వేలు. అవసరానికి దాచాను అన్నారు. ఆ అవసరం ఇదే. ఈరోజే ప్యాకేజీ పాలసీకి కట్టండి. మిగిలే వెయ్యి చిల్లర కదిలించకండి. ఈ ఆదివారం ప్రయాణం ఆపి, జీతం వచ్చాక పెట్టుకోండి. ఆ జీతంలో 2,600 పెట్రోలుకు, టోళ్లకు తీయండి. రిపేరు వస్తే వాడటానికి ఇంకో రెండు వేలు నోట్ల రూపంలో డాష్‌బోర్డులో పెట్టుకోండి, వాడకపోతే తిరిగి ఖాతాలో వేసేయండి. చీర, ఖాజాలు మిగిలినదాన్ని బట్టి. ఆ నెల నుంచి ప్రతి నెలా 700 చొప్పున విడిగా ఆర్‌డీ కడితే వచ్చే ఏడాది ప్రీమియం దానంతటది సిద్ధంగా ఉంటుంది.

లోన్ యాప్ లెక్క కూడా చూడండి. చేతికొచ్చేది 8,500, పదిహేను రోజులకు కట్టేది 10,000. ఆ 1,500ను ఏడాది వడ్డీగా లెక్కేస్తే 429 శాతం. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే భయపడే మనుషులు ఫోన్‌లో కనపడేసరికి దీనికి ఒప్పుకుంటున్నారు. ఒక్క రోజు జీతం ఆలస్యమైతే మీ కాంటాక్టుల్లో ఉన్న వాళ్లందరికీ ఫోన్లు చేసే యాప్‌లు ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీస్తే ముందే ఫీజు, ఆ రోజు నుంచే నెలకు 3 శాతానికి పైగా వడ్డీ. బంగారం తాకట్టు మాటే ఎత్తొద్దు.

ఇప్పటికే యాప్‌లో ‘ఓకే’ నొక్కేసి, డబ్బు ఖాతాలో పడి ఉంటే ఖర్చు చేయకండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పును, వాళ్లు ఇవ్వాల్సిన గడువు (కనీసం ఒక రోజు) లోపల, పెనాల్టీ లేకుండా, అసలూ ఆ రోజుల వడ్డీ మాత్రమే కట్టి వెనక్కి ఇచ్చేయొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వాళ్లు ఉంచుకోవచ్చు. ఎన్ని రోజులు గడువిచ్చారో వాళ్లు పంపాల్సిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో, అంటే అప్పు షరతుల కాగితంలో, ఉంటుంది. ఆ కాగితమే పంపలేదంటే, ఆ యాప్ పేరు ఆర్‌బీఐ వెబ్‌సైటులోని డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆర్‌బీఐ వాళ్ల ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. బెదిరింపు ఫోన్లు మొదలైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.