టియోచ్యూ ఒపెరాను సినిమాగా తీసేటప్పుడు దేన్ని వదులుకోకూడదు?

టియోచ్యూ ఒపెరాను సినిమాగా మలచాలంటే నిజమైన సెట్లు వేయాలా, లేక వేదికను ఉన్నదున్నట్టు చిత్రీకరిస్తే చాలా అని మీరు అడిగారు. సింగపూర్‌లో ఒక ఔత్సాహిక బృందం ప్రదర్శనలకు ఎడిటింగ్ చేసిన అనుభవంతో చెబుతున్నాను: సెట్ల కంటే ముందు తేల్చుకోవలసింది వాద్యబృందం సంగతి.

దక్షిణ చైనాలో, గ్వాంగ్‌డాంగ్ తూర్పు కొసన ఉన్న చావ్‌జో, షాన్‌తో ప్రాంతాలలో పుట్టి, వలస వెళ్లినవారి వెంట సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్‌లకు చేరిన ఈ నాటకంలో నటుడి నడకకూ, చూపు తిప్పడానికీ, చేతి విసురుకూ డోలు, గంటల దెబ్బలే ఊతం. డోలు వాయించే కళాకారుడు నటుణ్ణి కనిపెట్టి చూస్తూ మిగతా వాద్యాలన్నిటినీ నడిపిస్తాడు. అంతా ముందే రికార్డు చేసి ప్లేబ్యాక్‌కు నటింపజేస్తే ఈ సంబంధం తలకిందులై, నటుడే రికార్డు వెంట పరుగెత్తవలసి వస్తుంది. ఆ తడబాటు కెమెరాకు దొరికిపోతుంది. ఎడిటర్‌కూ ఇదే చిక్కు. ముఖంలో భావం మారిన చోట షాట్ మార్చడం మాకు అలవాటు, కానీ ఇక్కడ దరువు ముగియకముందే కోస్తే ఆ కదలిక అర్థమే పోతుంది.

ఇంకొకటి, పాటలో ఒక్కో పాదం చివర తెర వెనుక నుంచి గాయక బృందం గొంతు కలపడం. నిజమైన ఇల్లు, తోట చూపించే దర్శకులకు ఈ పాడేవారెవరన్న సందేహం వచ్చి దాన్ని తీసేయాలనిపిస్తుంది. నా మట్టుకు అది తీసేశాక మిగిలేది మరేదో సంగీత చిత్రమే.

సెట్ల విషయంలో ఒకే నియమం పెట్టుకోలేము. 1566 నాటి ముద్రిత ప్రతి దొరికే ‘లిచీ, అద్దం’ అనే ప్రేమకథనే చూడండి: దీపాల పండుగ నాడు చావ్‌జోలో ఒకరినొకరు చూసుకున్నాక, నాయిక వూనియాంగ్ మేడపై నుంచి నాయకుడు చెన్ సాన్‌కు లిచీ పళ్లు విసురుతుంది; అతడు అద్దాలు మెరుగుపెట్టేవాడి వేషంలో వచ్చి, కావాలనే అద్దం పగలగొట్టి, ఆ బాకీ తీర్చే నెపంతో ఆ ఇంట్లోనే సేవకుడిగా కుదురుతాడు. ఇక్కడ నిజమైన మేడ కడితే లాభమే, ఎందుకంటే ఆ ఇద్దరి మధ్య దూరం కంటికి కనబడాలి. కానీ తలుపు తీయడం వంటివి వేదిక మీద చేతులతోనే అభినయిస్తారు కాబట్టి, అసలు తలుపు పెట్టారంటే ఆ అభినయం నవ్వులపాలవుతుంది.

హాస్యపాత్రల దృశ్యాలలో క్లోజప్ వీలైనంత తగ్గించండి. మోకాళ్లు వంచి నడిచే ఆ నడక, విసనకర్ర తిప్పడం టియోచ్యూ హాస్యగాళ్లకు ప్రాణం. పాదాలు ఫ్రేములో లేకపోతే వారి సాధనంతా వృథా. సబ్‌టైటిళ్లు తప్పనిసరి, సింగపూర్‌లో యువతరానికే ఈ నాటకాల టియోచ్యూ భాష సరిగా అందడం లేదు.

బడ్జెట్ పరిమితమైతే నా సలహా ఇది: పాటలు ముందే రికార్డు చేసుకోండి, కదలిక ప్రధానమైన ఘట్టాలకు మాత్రం డోలు కళాకారుణ్ణి నటులు కనబడే చోట, ఫ్రేముకు ఆవల కూర్చోబెట్టి అక్కడికక్కడే వాయింపజేయండి. ఒక సెట్టు తగ్గించుకొనైనా ఆ ఖర్చు భరించండి.