పోలియో వైరస్ ఎక్కడిదో సీక్వెన్స్ చూసి ఎంతవరకు చెప్పొచ్చు?

మురుగునీటిలో దొరికిన పోలియో వైరస్ ఫలానా దేశానిదని వార్తల్లో అంత ధీమాగా ఎలా రాస్తారు, తెచ్చిన మనిషిని కూడా పట్టుకోవచ్చా అని అడిగారు. కొన్నేళ్లు వైరాలజీ ల్యాబ్‌లో సీక్వెన్సింగ్ (వైరస్ జన్యు పదార్థంలోని అక్షరాల వరుస, అంటే సీక్వెన్స్, చదవడం) పనే చేశాను కాబట్టి తెలిసింది చెప్తా. రెండు వైరస్‌ల మధ్య చుట్టరికం బాగానే తెలుస్తుంది, అవి వచ్చిన దారి మాత్రం తెలియదు.

పోలియో జీనోమ్, అంటే దాని జన్యు పదార్థం మొత్తం, దాదాపు 7,500 న్యూక్లియోటైడ్ల (ఆ అక్షరాలే ఇవి) ఆర్‌ఎన్‌ఏ. మామూలుగా అంతా చదవాల్సిన పని ఉండదు, వైరస్ పైతొడుగులోని వీపీ1 ప్రొటీన్ తాలూకు ముక్క, 900 చిల్లర న్యూక్లియోటైడ్లు, అది చాలు. వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకుతున్నంత కాలం ఆ ముక్క ఏడాదికి సుమారు 1 శాతం మారుతూ పోతుంది, అంటే ఓ తొమ్మిది మార్పులు, కాబట్టి తేడాలు లెక్కపెడితే కాలం కూడా అంచనాకి అందుతుంది. 2022లో మలావీలో బయటపడ్డ వైల్డ్ (వ్యాక్సిన్ నుంచి రాని, సహజమైన) టైప్ 1 వైరస్ (పోలియో వైరస్‌లో 1, 2, 3 అని మూడు టైపులు) పాకిస్తాన్‌లోని సింధ్‌లో తిరిగిన వైరస్‌కి దగ్గరిదని తేలింది ఇలాగే. ఎవరితో, ఏ దేశాల మీదుగా వెళ్లిందో సీక్వెన్స్‌లో ఉండదు.

నన్నడిగితే దేశం పేరుకంటే తేడా ఎంత అన్నదే ముందు చూడాలి. అప్పటిదాకా దొరికిన వాటిలో అతి దగ్గరి వైరస్‌తో పోల్చినా 1.5 శాతం, ఆ పైన తేడా వస్తే దాన్ని ఆర్ఫన్ వైరస్ అంటాం. అంటే ఏడాదికి పైగా ఎక్కడో పాకుతూనే ఉంది, నిఘాకి చిక్కలేదు అని. టైప్ 1 సోకినా పక్షవాతం వచ్చేది సుమారు 200 మందిలో ఒకరికే, టైప్ 2తో ఇంకా తక్కువ, కాబట్టి అలా దాక్కోవడం దానికి పెద్ద కష్టమేం కాదు. అలాంటి రిజల్ట్ వచ్చిన రోజు ల్యాబ్‌లో అందరికీ టెన్షనే. ముందు కంటామినేషన్ ఏమోనని మళ్లీ రన్ చేస్తాం, మళ్లీ అదే వస్తే ఇక ఫోన్లు మొదలు.

చుక్కల మందులోని బలహీన వైరస్ మారిపోయి పుట్టే రకాలకీ ఇదే కొలత: వీపీ1లో టైప్ 2కి కనీసం 6, టైప్ 1, 3లకి కనీసం 10 మార్పులు ఉంటే వ్యాక్సిన్ నుంచి పుట్టిన రకం కింద లెక్కేస్తారు. 2022లో లండన్, న్యూయార్క్, జెరూసలేం ప్రాంతాల్లో దొరికిన టైప్ 2 వైరస్‌లు ఒకదానికొకటి చుట్టాలని బయటపడింది సీక్వెన్సింగ్ వల్లే. అప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలో పక్షవాతం వచ్చింది ఒక్కరికి, మిగతా కథంతా మురుగునీరే చెప్పింది.

ఇక మనిషిని పట్టుకోవడం. మురుగునీటి శాంపిల్ అంటే వేలాది మందిది కలిసి ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడు పోలియో వైరస్‌లు కలిసి వచ్చి సీక్వెన్స్ గ్రాఫ్‌లో ఒక్కో అక్షరాన్ని చూపే పీక్‌లు ఒకదాని మీద ఒకటి పడతాయి, వాటిని విడదీయడమే ఒక తలనొప్పి (నానోపోర్ అనే కొత్త రకం సీక్వెన్సింగ్ వచ్చాక కొంత నయం). పేటపేటకీ మ్యాన్‌హోళ్ల దగ్గర శాంపిళ్లు తీస్తూ వెనక్కి వెళ్తే ఏ వైపు నుంచి వస్తోందో తెలియొచ్చు. ఇల్లు దొరకడం చాలా అరుదు. అయినా దాని కోసం ఎవరూ ఆగరు, ఆ ప్రాంతంలో పిల్లలందరికీ వ్యాక్సిన్ వేసేస్తారు.