టెక్ సందేహాలు: ఊళ్లో పీఎం కిసాన్ ఎవరెవరికి పడుతోంది?

ప్రశ్న: పొలం లేనివాళ్లకు కూడా పీఎం కిసాన్ పడుతోందని మా ఊళ్లో ఒకటే గుసగుసలు. ఎవరెవరికి వస్తోందో ఫోన్‌లో చూడొచ్చా? వాళ్ల ఆధార్ నంబర్లు కావాలా? – ఓ పాఠకుడు, గుడివాడ

జవాబు: ఎవరి ఆధారూ అక్కర్లేదు, లాగిన్ కూడా లేదు. పీఎం కిసాన్ సైట్‌లో ఫార్మర్స్ కార్నర్‌కి వెళ్లి ‘బెనిఫిషియరీ లిస్ట్’ తెరవండి. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని ‘గెట్ రిపోర్ట్’ నొక్కితే పేర్లన్నీ వచ్చేస్తాయి. మీది శివారు గ్రామమైతే లిస్టులో కనిపించకపోవచ్చు. అప్పుడు రెవెన్యూ గ్రామం పేరుతో వెతకండి.

అయితే అది చూసి వెంటనే గొడవకు దిగకండి. అందులో ఉండేది పేరు, ఆడా మగా అన్నది, అంతే. సర్వే నంబరు ఉండదు, ఎన్ని ఎకరాలో ఉండదు. ఊళ్లో నలుగురు వెంకటేశ్వరరావులుంటే ఏ వెంకటేశ్వరరావో తేలదు. భూమి సంగతి తెలియాలంటే ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల సైట్ మీభూమిలో 1బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే పత్రం; తెలంగాణ వాళ్లయితే భూభారతి) చూసి పోల్చుకోవాలి. 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు మీద సాగుభూమి ఉండాలన్నది అసలు నిబంధన. ఆ తర్వాత వారసత్వంగా వచ్చినదానికి మాత్రం మినహాయింపు ఉంది. భార్య, భర్త, మైనర్ పిల్లలు కలిపి ఒకే కుటుంబం కాబట్టి మొగుడూ పెళ్లాల పేర్లు రెండూ ఉంటే అనుమానించాల్సిందే. ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లు అనర్హులు. నెలకు 10 వేలు, అంతకు మించి పెన్షన్ తీసుకునే రిటైర్డ్ ఉద్యోగులూ అంతే, నాలుగో తరగతి ఉద్యోగులుగా చేసినవాళ్లు తప్ప.

పేర్లు అందరికీ కనపడటం, మన సొంత స్టేటస్‌కు మాత్రం ఓటీపీ అడగటం, రెండూ సబబే. నాకు నచ్చనిది భూమి విస్తీర్ణం దాచడం. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) సెక్షన్ 4 చెబుతోంది. 20 లక్షల మందికి పైగా అనర్హులకు దాదాపు 1,364 కోట్లు వెళ్లాయన్న లెక్క 2021లో బయటికొచ్చింది కూడా ఓ ఆర్టీఐ దరఖాస్తు వల్లే. మీరూ మండల వ్యవసాయాధికారికి దరఖాస్తు పెట్టొచ్చు. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, గడువు 30 రోజులు. ‘ఫలానా ఆయన వివరాలివ్వండి’ అని రాస్తే వ్యక్తిగతమని తిప్పికొడతారు. ‘మా గ్రామ లబ్ధిదారుల జాబితా, అనర్హులుగా తేలినవారి సంఖ్య, వెనక్కి రాబట్టిన మొత్తం’ అని అడగండి.

ప్రశ్న: స్టేటస్‌లో 2,000 పడినట్టు చూపిస్తోంది. పాస్‌బుక్‌లో మాత్రం లేదు. టెన్షన్‌గా ఉంది. – ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: కంగారు పడకండి, చాలావరకు డబ్బు మీదే ఇంకో ఖాతాలో ఉంటుంది. ఈ చెల్లింపు మీరు రాసిచ్చిన అకౌంట్ నంబరు చూసి కాదు, ఆధార్‌కు చివరగా సీడింగ్ అయిన (అంటే ప్రభుత్వ డబ్బు పడేలా జతచేసిన) బ్యాంకు చూసి వెళుతుంది. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీకో, ఉపాధి హామీ కూలికో తెరిచి వదిలేసిన ఖాతా అయ్యుండొచ్చు. మైఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే బ్యాంకు పేరు కనిపిస్తుంది. డబ్బు అక్కడ తీసుకోండి. తర్వాతి విడత ఇప్పుడు వాడుతున్న ఖాతాలో పడాలంటే ఆ బ్యాంకుకు వెళ్లి సీడింగ్ ఫారం ఇవ్వాలి. ఊరికే ‘ఆధార్ లింక్ చేయండి’ అంటే కేవైసీ చేసి పంపించేస్తారు. ‘డీబీటీ కోసం సీడింగ్’ అని, అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఈ ఖాతాలో పడేలా జతచేయమని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ‘పీఎం కిసాన్ కొత్త జాబితా’ అని ఏపీకే ఫైల్ (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వచ్చింది. నాన్న ఇన్‌స్టాల్ చేసేశారు. – ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇలాంటి ఫైళ్లు ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు దొంగిలిస్తాయి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు తీసేసి ఆ యాప్ తొలగించండి. మొండికేస్తే ఫ్యాక్టరీ రీసెట్ తప్పదు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా ఓసారి చూడండి, నాన్నగారి పేరుతో అదే ఫైల్ ఊరందరికీ వెళ్లి ఉండొచ్చు. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.