ఆంక్షల రంగంలో ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఆర్థికశాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. సొంత ప్రజలను అణచివేసే ప్రభుత్వాలపై విధించే ఆర్థిక ఆంక్షల రంగంలో పనిచేస్తానంటోంది. ఇది ఉద్యోగమా, ఉద్యమమా?

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే ఆంక్షలు విధించాలా వద్దా అని తేల్చేది ప్రభుత్వాలు, ఐరాస భద్రతామండలి. ఆ గదుల్లోకి వెళ్లేది బహు కొద్దిమంది. విధించాక అమలు చేయడానికి మాత్రం బ్యాంకులు, బీమా కంపెనీలు, నౌకా రవాణా సంస్థలు మనుషుల కోసం వెతుకుతాయి.

మయన్మార్ సంగతే చూడండి. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నాక అమెరికా, బ్రిటన్, ఐరోపా సమాఖ్య అక్కడి సైనికాధికారులను, సైన్యం గుప్పిట్లోని కంపెనీలను ఆంక్షల జాబితాలో, అంటే లావాదేవీలు జరపకూడనివారి జాబితాలో చేర్చాయి. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగి ముందున్న ఖాతాదారు, జాబితాలోని మనిషి ఒకరేనా? బర్మీయులకు సాధారణంగా ఇంటిపేర్లుండవు, ఒకే పేరు ఎందరికో ఉంటుంది. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలు సరిచూసి తేల్చాలి. కంపెనీ అయితే మరీ చిక్కు. అమెరికా నిబంధన ప్రకారం, జాబితాలో ఉన్నవారికి 50 శాతం లేదా అంతకు మించి వాటా ఉంటే, ఆ సంస్థ పేరు జాబితాలో లేకున్నా ఆంక్షలు వర్తిస్తాయి. ఇక వాటాను 49 శాతానికి తగ్గించుకునేవారు, బావమరిది పేరిట రాసేవారు ఉండనే ఉంటారు. ఈ ముడులు విప్పడమే రోజువారీ పని. నినాదాలకు చోటు తక్కువ.

అసలు ఆంక్షలు ఫలిస్తాయా అని ఇంటర్వ్యూల్లో అడుగుతారు, తడుముకోకూడదు. 1986లో అమెరికా కాంగ్రెస్, అధ్యక్షుడు రీగన్ వీటోను కాదని దక్షిణాఫ్రికాపై ఆంక్షల చట్టం తెచ్చింది. అంతకు ముందు ఏడాదే విదేశీ బ్యాంకులు ఆ దేశానికి అప్పులు పొడిగించేందుకు నిరాకరించాయి. అక్కడి జాతి వివక్ష పాలనను ఎక్కువగా కుంగదీసింది ఏది అన్నదానిపై పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. ఇరాక్‌పై 1990లో మొదలైన ఆంక్షలు సామాన్యుల తిండినీ మందులనూ దెబ్బతీశాయి, సద్దాం మాత్రం 2003 దాకా గద్దె దిగలేదు. దేశం మొత్తాన్ని కాకుండా వ్యక్తులను గురిపెట్టే పద్ధతి బలపడింది ఆ అనుభవం తర్వాతే.

చదువు విషయానికొస్తే, పీజీలో అంతర్జాతీయ వాణిజ్య చట్టం, అకౌంటింగ్ ఉండేలా చూసుకోమనండి. రష్యన్, పర్షియన్, అరబిక్, బర్మీస్‌లలో ఒక భాష గట్టిగా వస్తే పోటీ సగం తగ్గినట్టే. వట్టి అంతర్జాతీయ సంబంధాల పట్టాతో నెగ్గుకురావడం కష్టమని నా అభిప్రాయం.

ఫీజులు కట్టే ముందు ఒక పని చేయించండి. అమెరికా ఆర్థికశాఖ ఆంక్షల జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అందులోంచి ఒక కంపెనీని ఎంచుకుని, దాని అసలు యజమానులెవరో వారం రోజులు కూపీ లాగమనండి. ఎనిమిదో రోజున కూడా ఆ కాగితాలు వదలకపోతే నిశ్చింతగా చేర్పించండి.