ఎనిమోన్ తొట్టె పెట్టబోతున్న మా బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవెనలు.

నువ్వు ఇంట్లో సముద్రపు తొట్టె పెట్టి ఎనిమోన్లు, ఆ పువ్వుల్లాంటి సముద్రజీవుల్ని, పెంచబోతున్నావనీ, అవి పిల్లలు పెడితే అమ్ముదామని కూడా అనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాకు ముందు గర్వం వచ్చింది. మన ఇంట్లో రొయ్యలు పెంచినవాళ్ళు ఉన్నారు, చేపలు పెంచినవాళ్ళు ఉన్నారు, అమ్మకం సంగతి పక్కన పెట్టి ఒక జీవిని దాని అందం కోసం పెంచుతానన్న పిల్ల నువ్వొక్కదానివే. తరవాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. నీళ్ళు మీ నాన్న ఓడలరేవు నించి బండి మీద క్యాన్లలో తెచ్చిస్తానన్నాడట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తొట్టె చిన్నదే చాలన్నావట. అరవై లీటర్లు వద్దు తల్లీ. కనీసం నూటయాభై లీటర్లది తీసుకో. నీళ్ళు ఎంత తక్కువైతే తప్పు అంత తొందరగా ముదురుతుంది. నువ్వు కొనబోయే బబుల్ టిప్ రకం ఎనిమోన్ బాగా పెరిగితే అడుగు వెడల్పు వస్తుంది, చిన్న తొట్టెలో దాని చేతులు నాలుగు అద్దాలకీ తగులుతాయి. స్టాండు గట్టిది చేయించు, ఎండ తగలని గోడ చూసుకో. ఈ విషయం ఇంతే.

నీళ్ళ దగ్గరికి వద్దాం. ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తుంది. వరదల కాలంలో ధవళేశ్వరం గేట్లెత్తారంటే ఆ తీరమంతా ఎర్రనీళ్ళే, ఉప్పు పడిపోతుంది. వేసవిలో వేరే గొడవ. చుట్టుపక్కల చెరువులు ఖాళీ చేసినప్పుడు ఆ నీరంతా డ్రెయిన్లలో పడి సముద్రానికే పోతుంది. అందులో ఏ మందు కలిసిందో కంటికి కనబడదు. మీ నాన్న చెరువులో 15 పి.పి.టి., అంటే వెయ్యి పాళ్ళకి పదిహేను పాళ్ళ ఉప్పుకే వనామీ రొయ్య హాయిగా పెరుగుతోంది కదా అనకు. వనామీ తన ఒంట్లో ఉప్పుని సర్దుకోగలదు. ఎనిమోన్‌కి ఆ శక్తి లేదు, బయట ఎంత ఉప్పుంటే లోపలా అంతే. దానికి 35 పి.పి.టి. కావాలి, అదీ కదలకుండా ఉండాలి.

ఇక్కడ మీ పెదనాన్నగారి సంగతి ఒకటి రాయాలి. ఆయన పక్కనే కూర్చున్నారు. "అది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు" అన్నారు.

అప్పుడు మేమిద్దరం ఉప్పాడ వైపు ఒక హేచరీలో పనిచేసేవాళ్ళం. టైగర్ రొయ్య రోజులవి. ఆయన నీళ్ళ సెక్షన్ చూసేవారు, నాది ఆర్టీమియా గది, రొయ్య లార్వాకి, అంటే పసిపిల్లలకి, మేతగా వేసే బుల్లి ఉప్పునీటి జీవుల్ని పిగిలించే చోటు. సముద్రం నీళ్ళు తిన్నగా లార్వా ట్యాంకుల్లోకి వదలరు. రిజర్వాయర్‌లోకి తోడి, మడ్డి తేరనిచ్చి, ఇసుక ఫిల్టర్‌లో వడగట్టి, బ్లీచింగ్ కలుపుతారు. క్లోరిన్ రోగక్రిముల్ని చంపుతుంది. తరవాత ఆ క్లోరిన్ కూడా పోవాలి, లేకపోతే లార్వాని చంపుతుంది. గట్టిగా గాలి కొట్టిస్తారు, మిగిలినదానికి సోడియం థయోసల్ఫేట్ వేస్తారు. పోయిందో లేదో తెలియడానికి గాజు గొట్టంలో నీళ్ళు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తారు. పసుపు తిరిగిందంటే క్లోరిన్ ఇంకా ఉంది. రంగు మారకపోతేనే వాల్వు తిప్పాలి.

ఆ రాత్రి చుక్కల సీసా అయిపోయింది. కొత్తది స్టోర్‌లో ఉంది, స్టోరు తాళం మేనేజరు దగ్గర ఉంది, మేనేజరు ఇంటికెళ్ళిపోయాడు. లార్వా మైసిస్ అనే పసి దశలో ఉంది, నీళ్ళు మార్చాల్సిన వేళ దాటిపోతోంది. మీ పెదనాన్నగారు రిజర్వాయర్ మీదికి వంగి వాసన చూశారు. ఏమీ తెలియలేదు. దోసిట్లోకి తీసుకుని మళ్ళీ చూశారు. పొద్దున్నించీ బ్లీచింగ్ మధ్యే తిరిగిన ముక్కు ఆ వాసన పట్టుకోలేదని ఆయనకి ఆ వేళ తట్టలేదు. వాల్వు తిప్పేశారు.

తెల్లవారుజామున నేను ఆర్టీమియా పట్టుకుని వెళ్ళాను. మేత వేసేముందు బీకరుతో ముంచి లైటుకి ఎదురుగా పెట్టి చూడడం మాకు అలవాటు. మైసిస్ తలకిందులుగా ఉండి వెనక్కి వెనక్కి ఎగురుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఆ బీకరులో ఏదీ ఎగరలేదు. ఇంకోటి ముంచాను. ఇంకో మూల ముంచాను. టార్చి వేసి చూస్తే ట్యాంకు అడుగున తెల్లగా పేరుకుని ఉంది. బ్లోయర్ ఆగకుండా నడుస్తోంది, గాలి బుడగలు పైకి వస్తూనే ఉన్నాయి, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో! ఆయన గట్టు మీద నిలబడి చూస్తున్నారు, నోట మాట లేదు. ఆ రొయ్యపిల్లల సీడ్ కోసం అడ్వాన్సు కట్టిన రైతు చెరువు దున్నించి, సున్నం వేయించి, నీళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అతను వచ్చి గేటు దగ్గర అడిగినప్పుడు జవాబు చెప్పింది కూడా మీ పెదనాన్నగారే, ఇంకెవరినీ చెప్పనివ్వలేదు. జీతంలో కోసుకున్నారు. దానికి మేం బాధపడలేదు. కానీ చాలాకాలం ఆయన అన్నం తింటూ తింటూ మధ్యలో చెయ్యి ఆపేసేవారు. మీరందరూ పెదనాన్న పుట్టడమే మితభాషి అనుకుంటారు. అంతకుముందు ఆయన అలా ఉండేవారు కాదు.

"నీళ్ళు తేటగా ఉన్నాయని రాశావా?" అని ఇప్పుడే మళ్ళీ అడిగారు. రాశాను.

కాబట్టి నీ తొట్టెలోకి పోయే ప్రతి బకెట్టూ కొలిచి పోయాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్ళలో ఏ ఖనిజం ఎంతుందో తెలియదు. ఆర్‌ఓ నీళ్ళు పట్టి, అక్వేరియం ఉప్పు కలుపు. లీటరుకి 35 గ్రాములకి కొంచెం పైనే పడుతుంది. వేరే బకెట్టులో పంపు పెట్టి ఒక రోజు తిప్పాక కొలువు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీ నాన్న దగ్గర ఉంది కానీ అది చెరువు గట్టు మీద ఎండలో పడి ఉండేది. 35 పి.పి.టి. స్టాండర్డ్ ద్రావణం కొని దాంతో సరిచూశాకే నమ్ము. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, ఆల్కలినిటీ కిట్లు కొనుక్కో. సీసా సగమయ్యేసరికి రెండోది ఇంట్లో ఉండాలి. సీసా మీద తేదీ చూడు.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగిలిపోతుంది. అందుకని తగ్గినంతా ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. రోజూ కొంచెం కొంచెంగా పొయ్యి. వేసవిలో ఫ్యాను పెడితే చల్లబడుతుందని చెబుతారు. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, ఫ్యానుతో అనుకున్నంత దిగదు. నీరు 25 నించి 27 డిగ్రీల్లో నిలవాలంటే మే నెలలో నీళ్ళు చల్లబరిచే చిల్లరు యంత్రం తప్పదు, దానికి డబ్బు ఇప్పుడే పక్కన పెట్టు.

తొట్టె పెట్టగానే ఎనిమోన్ తెచ్చేస్తావని నాకు తెలుసు. నీ తొందర నాకు కొత్త కాదు, గుడ్డు పిగలకముందే కోడిపిల్లని బయటికి లాగబోయినదానివి నువ్వు! అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకోడానికే నెల, నెలన్నర పడుతుంది. చెరువులో పోసే ప్రొబయోటిక్ డబ్బా ఒంపితే ఆ పని అయిపోదు. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాక కూడా ఆగాలి. ఆరు నెలలు ఆ తొట్టెలో రాళ్ళు, నత్తలు, మహా అయితే ఒక చేప. అప్పుడు ఎనిమోన్. ఆ ఆరు నెలలూ లెక్కలన్నీ ఒక పుస్తకంలో రాయి, నేను వచ్చి చూస్తాను.

కొనేటప్పుడు ఇంకొకరి తొట్టెలో చీలి పుట్టిన బబుల్ టిప్పే అడుగు. సముద్రంలో పీకి తెచ్చినదానికి పాదం చిరిగి ఉండచ్చు, దారిలోనే సగం చచ్చి ఉండచ్చు. నోరు మూసుకుని ఉందా, పాదం దేన్నైనా గట్టిగా పట్టుకుందా చూడు. నోరు వెడల్పుగా తెరుచుకుని పేగులు బయటికి తోసినట్టుంటే కొనకు. పాలలా తెల్లగా ఉన్నదాన్ని అందంగా ఉందని తెచ్చుకోకు. దాని ఒంట్లో ఉండి వెలుతురుతో ఆహారం తయారుచేసి పెట్టే నాచు పోయింది కాబట్టే అలా తెల్లబడింది. మాగ్నిఫికా అనే ఇంకో రకం ఎనిమోన్ జోలికి ఇప్పుడు వెళ్ళకు, అది చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గరే నిలవదు.

నేను తొట్టె పెట్టుకున్న కొత్తలో నేర్చుకున్న పెద్ద విషయం, ఎనిమోన్ నడుస్తుంది. వెలుతురు నచ్చకపోయినా, నీటి తోపు నచ్చకపోయినా పాదంతో జరుగుతూ పోతుంది. నీళ్ళని కదిలించే పంపు, ఆ వేవ్‌మేకర్ దాకా వెళ్ళిందంటే లోపలికి లాగేసి తురిమేస్తుంది. అలా చితికినది కుళ్ళి మొత్తం తొట్టెని చంపుతుంది. ముందే ప్రతి పంపుకీ స్పంజి గానీ జల్లెడ గానీ కట్టు. అది ఒక పగులు ఎంచుకుని పాదం లోపల పెట్టుకున్నాక నీకు నచ్చలేదని చోటు మార్చకు. వారానికి ఒకటి రెండుసార్లు గోరంత పచ్చిరొయ్య ముక్క చాలు. చేపలకి రోగం వస్తే రాగి ఉన్న మందు ఆ తొట్టెలో వెయ్యకు, వెన్నెముక లేని జీవులన్నిటికీ అది విషం. తెల్లచారల క్లౌన్ చేప కావాలంటే హేచరీలో పుట్టినదే తెచ్చుకో. చేప లేకపోయినా ఎనిమోన్‌కి లోటేమీ లేదు.

పిల్లల సంగతి. సముద్రంలో ఆడ, మగ ఎనిమోన్లు గుడ్లూ వీర్యమూ నీళ్ళలోకి వదులుతాయి, వాటి లార్వా కొట్టుకుపోయి ఎక్కడో అతుక్కుంటుంది. ఇంటి తొట్టెలో ఆ లార్వాని నిలబెట్టడం చాలా కష్టం. ఇంట్లో అయ్యేది చీలిక. ఒక రోజు అది నిలువునా సాగి, రెండు వైపులకీ లాక్కుని, రెండవుతుంది. నువ్వు గాబరా పడి చెయ్యి పెట్టకు. నోరు రెండిట్లోనూ చెరిసగం అయి ఉంటుంది, అది మూసుకుని గుండ్రంగా కుదిరేదాకా వారం పదిరోజులు మేత వెయ్యకు. నీళ్ళు మటుకు ఎప్పటికంటే శుభ్రంగా ఉంచు. బ్లేడుతో నోటి మీదుగా కోసి రెండు చేస్తారు కొందరు. బలంగా ఉన్నది బతుకుతుంది, లేనిది కుళ్ళిపోతుంది. అమ్మకానికి తొందరపడి ఆ బ్లేడు ముట్టుకున్నావంటే నాతో మాట్లాడకు. బాగా తిని, నీళ్ళు కుదురుగా ఉంటే అదే చీలుతుంది, ఆ పిల్లకి నువ్వు వెల కట్టుకో.

చిన్న ముక్కలకి ఆర్టీమియా పెట్టు. ఇది నా విద్య, ఇక్కడ మటుకు నేను చెప్పినట్టే చెయ్యి. అడుగు గరాటులా ఉన్న సీసాలో 25, 30 పి.పి.టి. నీళ్ళు, 28 డిగ్రీలు, పైన లైటు, అడుగునించి గట్టిగా గాలి. ఒక రోజుకి పిగులుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఉంచితే పెంకులు పైకి తేలతాయి, నారింజరంగు పిల్లలు అడుగుకి దిగుతాయి. అడుగునించి తీసి, సన్నగుడ్డలో మంచినీళ్ళతో కడిగి, వెంటనే పెట్టెయ్. గంటలు గడిచేకొద్దీ వాటి ఒంట్లో సత్తువ అవే తినేస్తాయి, మధ్యాహ్నం పెడదాంలే అనుకుంటే ఉత్త పొట్టు పెట్టినట్టు. పెంకులు మాత్రం తొట్టెలో పడనివ్వకు.

రాళ్ళ గురించి ఒక్క మాట. లైవ్ రాక్ పేరుతో పగడపు రాళ్ళు అమ్మజూపుతారు. గట్టి పగడాలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులికి ఎంత రక్షణో వాటికీ అంత. సిరామిక్ రాళ్ళు కొనుక్కో. రాయి మీద జోవాంథిడ్లు, ఆ పగడాల చుట్టాలైన చిన్న జీవులు, ఉంటే వేడినీళ్ళు పొయ్యకు, ఉడకబెట్టకు. వాటిలో కొన్నిటి విషం ఆవిరితో మనిషి ఊపిరిలోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. పనికిరాని చిన్న గాజు ఎనిమోన్లు, ఆ ఐప్టేషియా, కనబడితే గీకకు. మిగిలిన ప్రతి తునకా ఇంకోటి అవుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయమున్నది. కరెంటు. చెరువుల మీద ఏరేటరు తీగ తగిలి పోయిన కుర్రాళ్ళని నేను చూశాను బుజ్జీ. ఉప్పునీళ్ళ చేత్తో ప్లగ్గు ముట్టుకోవడం అంటే నాకు కాళ్ళు వణుకుతాయి. తొట్టె లైనుకి విడిగా, కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఎర్తింగ్ ఉందో లేదో కొలిపించు, పాత ఇళ్ళలో మూడో పిన్ను ఉత్తుత్తిదే ఉంటుంది. ప్రతి తీగా ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు దిగి పైకి రావాలి, జారిన చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోవాలి. చెయ్యి తొట్టెలో పెట్టేముందు స్విచ్చులన్నీ ఆపు. ఆ సమయంలో ఇంట్లో ఇంకొకరు ఉండాలి.

కరెంటు పోయినా భయమే. 1996 నవంబరు 6 తుపాను తరవాత కోనసీమలో స్తంభాలు, కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి, రోజుల తరబడి దీపం వెలగలేదు. తొట్టెలో నీటి కదలిక ఆగితే ఆక్సిజన్ గంటల్లో పడిపోతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ చార్జింగులో ఉంచు. ఇన్వర్టరుకి వేవ్‌మేకరు ఒక్కటి కలుపు, లైట్లు కలపకు.

ఇంకోటి అడగాలా వద్దా అని ఆగాను. రేపు నీకు పెళ్ళయి వేరే ఊరెళితే? స్కాట్లండ్‌లో 1828లో ఒకాయన సముద్రపు ఒడ్డున తీసుకున్న ఎనిమోన్ 1887 దాకా బతికింది. ఆయన పోయాక కూడా అది చేతులు మారుతూ బతికింది. దానికి గ్రానీ అని పేరు పెట్టుకున్నారు. సరిగా చూసుకుంటే నీ ఎనిమోనూ ఎన్నేళ్ళైనా ఉంటుంది. సంబంధం చూసేటప్పుడు ఈ తొట్టె సంగతి ముందే చెబుతామని మీ అమ్మతో అన్నాను, ఆవిడ నవ్వింది, నేను నవ్వలేదు. నువ్వు తీసుకెళ్ళలేని ఇల్లయితే నేను తెచ్చుకుంటాను, రాజోలు ఎంత దూరమని.

మీ పెదనాన్నగారు మన గరాటు సీసా కడిగి పెట్టారు, మీ నాన్న ఇటొచ్చినప్పుడు పంపిస్తాం. శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఈయనకి ఫోన్ చేసి అతనికి ఇవ్వు, ఎర్తింగ్ గురించి తనే మాట్లాడతారట. చిల్లరుకి నేను వేస్తానన్న డబ్బు ఆ బోర్డు ఫోటో వచ్చాకే పంపుతాను.

నీ పెద్దమ్మ