పాతదంతా క్లాసిసిజం కాదు

"క్లాసిసిజం అంటే పాత పద్ధతి అనేనా? మన ఓరుగల్లు వైపు దానికి ఉదాహరణ ఏది?" అని అడిగారు. హనుమకొండలో బిల్డింగ్ ప్లాన్లు గీసే పనిలో ఉన్నాను కాబట్టి, కళ్లతో చూసి తెలుసుకున్నంత చెప్తాను.

తికమక మన మాటల్లోనే ఉంది. క్లాసికల్ మ్యూజిక్‌ను శాస్త్రీయ సంగీతం అంటాం. 2008లో తెలుగుకు వచ్చిన క్లాసికల్ హోదాను ప్రాచీన హోదా అన్నాం. ఒకటి శాస్త్రం సంగతి, ఇంకోటి వయసు సంగతి. క్లాసిసిజం మొదటిదానికే దగ్గర. గ్రీకు, రోమన్ కట్టడాలనూ కావ్యాలనూ ఒజ్జబంతిగా, అంటే చూసి నేర్చుకునే నమూనాగా పెట్టుకొని కొలత, పొందిక, నిగ్రహం తప్పకుండా చేసే పని అది. హైదరాబాద్ కోఠిలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ ముందు నిలిచిన పెద్ద స్తంభాలు ఆ బాపతువే.

కొలత అన్నమాట నాకు తలకెక్కింది మాత్రం ఖిలా వరంగల్‌లో. పాలిటెక్నిక్ రోజుల్లో కీర్తి తోరణం కొలిచి గీసుకురమ్మన్నారు. ఎడమ సగం టేపుతో కొలిచాను, అందని ఎత్తులు నీడను బట్టి లెక్కగట్టాను, ట్రేసింగ్ పేపర్ తిరగేసి కుడి సగం దింపేశాను. సారు చూసి "రెండో దిక్కు కొలిచినవా?" అన్నడు. మళ్లీ పోయాను. స్తంభాల మధ్య దూరాలు, ఎత్తులు సరిపోయాయి. దగ్గరికి పోతే మాత్రం ఇటు తీగచుట్టలో ఆకు లోతుగా తెగింది, అటు దాని జోడీ ఆకు పల్చగా ఉంది. ఇద్దరు శిల్పులు చెక్కినట్టే అనిపించింది. పది అడుగులు వెనక్కి జరిగితే ఆ తేడా మాయం.

అలాంటి తోరణాలు నాలుగు దిక్కులా నాలుగు. నడుమ ఉండాల్సిన స్వయంభూ శివాలయం శిథిలమైంది. అయినా ఆ నాలుగింటి మధ్య నిలబడితే గుడి ఎక్కడుండేదో తెలిసిపోతుంది.

కాకతీయులు గ్రీసును చూసి కట్టలేదు కాబట్టి యూరప్ లెక్కలో ఇది క్లాసిసిజం కాదు. కానీ మన శిల్పులకు తాలమానం ఉంది. ముఖం పొడవు ఒక తాలం, విగ్రహమంతా దానితోనే కొలవాలి. గ్రీకు శిల్పి పాలిక్లీటస్ కూడా దేహభాగాల నిష్పత్తుల మీద గ్రంథం రాశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ ఒకే దారి పట్టారనుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

సాహిత్యంలో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. నన్నయ నాటి మార్గ పద్ధతి, అంటే సంస్కృత వృత్తాలు, గద్యపద్యాలు కలిసిన చంపువు, తెలుగులో క్లాసిసిజం లాంటిది. మన పాలకుర్తి సోమనాథుడు దాన్ని కాదన్నాడు. జాను తెనుగు, అంటే తేలికైన తెలుగు, అందరికీ అందుతుందని రెండు పాదాల దేశి ఛందస్సు ద్విపదలో బసవపురాణం రాశాడు. ఇవాళ అది క్లాసిక్. అంటే క్లాసిక్ వేరు, క్లాసిసిజం వేరు. తరాలు దాటి నిలిచింది క్లాసిక్, పెద్దల ఒజ్జబంతిని ఒప్పుకొని రాసే తీరు క్లాసిసిజం. ఏదో ఒక నియమం ఉంటే క్లాసిసిజం అయిపోతుందా అంటే కాదు. ద్విపదకూ పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అనే కట్టుబాటు ఉంది కదా!

ఇక 1213 నాటి రామప్ప గుడి. అంత అలంకారంలో నిగ్రహం ఎక్కడిదని నా దోస్తు ఒకడు వాదిస్తాడు. చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను చూడమంటాను. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, అందరూ ముందు వాటినే చూపిస్తారు. మీరు పోయినప్పుడు కాస్త దూరం జరిగి వరుస మొత్తం చూడండి. నడుం ఎంత వంచినా, చేయి ఎటు తిప్పినా, స్తంభం నుంచి చూరుకు పోయే ఆ ఏటవాలు గీతను వాళ్లు వదలరు. నేను నిగ్రహం అనేది దాన్నే.